చూరు కింద వాన

ఆ శనివారం పొద్దున పోస్టాఫీసు ఇంట్లో ఉన్నది నలుగురు. కౌంటరు పక్కన తంతి గదిలో, బల్ల ముందు థర్జా తండ్రి సైలస్ హొస్కిన్. వంటింట్లో, పన్నుపోటుకి బుగ్గ మీదుగా ఉన్నిగుడ్డ కట్టుకుని రొట్టె పిండి కలుపుతున్న మేనత్త కెజాయా. వెనక వరండాలో కాళ్లు చాపుకుని టీ తాగుతున్న వడ్రంగి రఫర్టీ. ఊళ్లో రెండు హోటళ్లూ లేకుండా పోయాక అతను వీళ్లింట్లోనే తిండికీ పడకకీ దిగాడు. నాలుగో మనిషి థర్జా. పదిహేనేళ్ల పిల్ల, ఎవరైనా పలకరిస్తే తలుపు చాటుకి తప్పుకునే రకం. పొయ్యి పక్కన సబ్బుల పెట్టెలో పొదుగుతున్న కోడిని కూడా కలిపితే ఐదుగురు. కెజాయా అత్త ఎప్పుడూ కోడిని కలిపే చెప్పేది.

థర్జా మనసులో ఒక సంగతి ఉంది. అది తెలిసి ఐదు రోజులైంది. రోజూ పడుకోబోయే ముందు డైరీలో రాసుకుంటోంది, పొద్దున్నే ఆ పేజీ మళ్లీ చదువుకుంటోంది. నోరు విప్పి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సోమవారం నాడు పొయ్యిలోకి పుల్లలు లేక ఉత్తరపు గోడ వారగా ఎండిపోయిన జెరేనియం మొక్కలు పీకుతుంటే వాటి మధ్య ఒక గుంజ మొదలు బయటపడింది. నేలకి జానెడు ఎత్తున రంపంతో కోసేసి ఉంది. తెల్ల రంగు, దాని మీద నల్ల పట్టీ. ఊళ్లో అలాంటి రంగు వేసిన గుంజ ఇంకొకటే ఉంది. ఇంటికి నలభై అడుగుల అవతల, ఖాళీ జాగాలో, వానకొలత డబ్బాని నెత్తిన పెట్టుకుని నిలబడ్డ గుంజ. థర్జా ఆ మొదలు చూసింది. తలెత్తి సరిగ్గా దాని పైనున్న రేకుల చూరు చూసింది. లోపలికి వెళ్లి కౌంటరు వెనక గోడకి వేలాడుతున్న ఫొటో చూసింది.

అది పదకొండేళ్ల కిందట, పద్దెనిమిది వందల డెబ్బై ఏడులో, పోస్టాఫీసు తెరిచిన రోజు తీయించింది. టోపీలు పెట్టుకున్న నలభై మంది మగవాళ్లు, గొడుగులు పట్టుకున్న ఆడవాళ్లు, ఇప్పుడు లేని అమ్మ ఒళ్లో నాలుగేళ్ల థర్జా. నాన్న భుజం వెనక, చూరు కిందే, తెల్ల గుంజ, దాని మీద రాగి గరాటు పెట్టిన డబ్బా. చూరుకి అప్పట్లో నీటి గొట్టం లేదు. ఆ ఫొటో ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండేది. అందరూ అందులో తమ ముఖం చూసుకున్నారు గాని డబ్బా ఎక్కడుందో చూసినవాళ్లు లేరు.

డబ్బాలోకి ఆకాశం నుంచి పడే వాన పడింది, రేకుల మీద నుంచి జారిన వాన కూడా పడింది. రెండూ కలిపి మూడేళ్లు కొలిచారు.

టల్లారా అనే ఊరు ఆ కొలత మీదే లేచింది. ఈ గీత దాటితే గోధుమ పండదు అని సర్కారు సర్వేయరు పటం మీద గీత గీశాడు. టల్లారా ఆ గీతకి అరవై మైళ్లు ఉత్తరాన ఉంది. అయితే ఆ రోజుల్లో దక్షిణాన అందరి నోటా ఒకటే మాట, నాగలి ఎక్కడికి వెళ్తే వాన అక్కడికి వెళ్తుందని. దానికి రుజువు కావాలంటే ప్రతి సోమవారం అడిలైడ్ పత్రికలో టల్లారా వాన లెక్క అచ్చయ్యేది. ఏడాదికి పదిహేడు అంగుళాలు. పంతొమ్మిది. పదహారు చిల్లర. అది చూసి బళ్లు కట్టుకుని వచ్చారు. థర్జాకి ఆరేళ్లప్పుడు ఒక్క రోజులో నలభై బళ్లు దిగాయి, అమ్మ ఆమెని కిటికీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూపించింది. నాలుగు వందల ఇళ్ల స్థలాలకి రాళ్లు పాతారు. గవర్నరు కూతుళ్ల పేర్లు వీధులకి పెట్టారు. రెండు హోటళ్లు, బ్యాంకు, ప్రార్థనాలయం, గుర్రప్పందేల మైదానం. రైలు వస్తుందని ఎర్ర జెండాలు కూడా పాతి వెళ్లారు.

రైలు రాలేదు. ఎనభై నుంచి వాన ఎనిమిది అంగుళాలు దాటలేదు. కట్టిన తొంభై ఇళ్లలో ఇప్పుడు పద్నాలుగు మిగిలాయి. టల్లారాలో ఇళ్లు కూలిపోలేదు, ఎత్తుకెళ్లిపోయారు. రేకుల ఇల్లు విప్పడం, ప్రతి రేకు మీదా ఎర్ర రంగుతో నంబరు వేయడం, బండికెక్కించి దక్షిణాన కొత్త చోట మళ్లీ అదే వరసలో బిగించడం, అదే రఫర్టీ పని. ఊరంతా ఇప్పుడు నంబర్లు.

తొమ్మిది గంటలకి థర్జా ఖాళీ జాగాలోకి వెళ్లి డబ్బా తీసి చూసింది. మూడేళ్లుగా ఆ పని ఆమెదే. అడుగున ఒక చీమ, కాస్త దుమ్ము. లోపలికొచ్చి వాన పుస్తకంలో, అంగుళాలూ అంగుళానికి వంద చొప్పున పాయింట్లూ రాసే చోట, తేదీకి ఎదురుగా సున్నా చుట్టింది.

"ఏమ్మా, ఎంత పడింది?" అన్నాడు రఫర్టీ వరండాలోంచి. రోజూ అడుగుతాడు.

"ఒక చీమ," అంది థర్జా. రఫర్టీతో మాత్రం ఆమె కాస్త మాట్లాడగలదు. అతను సమాధానం కోసం ఆగడు కాబట్టి.

"చీమని పాయింట్లలోకి మార్చి పంపండి. పేపర్లో వేస్తారు. మర్నాడు ఇరవై బళ్లు దిగుతాయి."

తంతి గదిలో సైలస్ హొస్కిన్ తల ఎత్తలేదు. అతను నవ్వే మనిషే, ఒకప్పుడు. థర్జా తండ్రి వీపు కేసి చూసింది. ఆ వీపుకి చెప్పాలని ఐదు రోజులుగా ప్రయత్నిస్తోంది. 'నాన్నా, మనం పొరపాటు చేశాం. నీకు తెలీదు పాపం,' అని. వాక్యం సిద్ధంగానే ఉంది.

"ఆ నవ్వుల్లో పడి గ్లాసు నా కుర్చీ మీద పెట్టకు, రఫర్టీ," అంది వంటింట్లోంచి కెజాయా అత్త. "పోయినసారి మరక ఇంకా పోలేదు."

"ఆ కుర్చీకీ నంబరు వేస్తా కెజాయా గారూ. మీరు వెళ్లేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు."

"నేనెక్కడికీ వెళ్లను. నా నోట్లో పన్నొక్కటే వెళ్లాలి."

పదకొండు దాటాక నోస్కె బండి వచ్చి ఆగింది.

గాట్లీబ్ నోస్కె పొడుగాటి మనిషి. జర్మనువాళ్ల పల్లెలో పుట్టి, ఎనిమిదేళ్ల కిందట పెళ్లాం ఓటీలీనీ కూతురు హుల్డానీ వెంటబెట్టుకుని టల్లారా వచ్చాడు. ఊళ్లో ఇప్పటికీ నాగలి కట్టేది అతనొక్కడే. హుల్డా థర్జా కంటే నాలుగు నెలలు పెద్ద. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. థర్జా డైరీ చూడనిచ్చేది కూడా హుల్డాకే, అదీ కొన్ని పేజీలే.

హుల్డా గుర్రాన్ని కట్టేసి లోపలికొస్తూ థర్జా జడ పట్టి లాగింది. "బుధవారం మా ఇంట్లో మూడు గిన్నెల పులుసు తాగి, చెప్పకుండా పారిపోయావే. మా అమ్మ నీకు కడుపునొప్పి అనుకుంది."

"కాదు," అంది థర్జా.

"మరేంటి?"

ఈలోగా నోస్కె కౌంటరు దగ్గరికొచ్చి టోపీ తీశాడు.

"పోస్టుమాస్టరు గారూ, ఇవాళ ఉత్తరం కోసం రాలేదు. మీ వాన పుస్తకం కోసం వచ్చా."

"పుస్తకమా," అన్నాడు హొస్కిన్.

"మొన్న గురువారం మీరే ఇచ్చారు కదా, మా బావమరిది ఉత్తరం. వాడి పక్క చేను కౌలుకి ఖాళీగా ఉందట. నల్లరేగడి, పక్కన ఏరు. వస్తారా రారా ఇవాళ మధ్యాహ్నం లోపు టెలిగ్రాం ఇవ్వమన్నాడు. సోమవారం ఇంకొకడు సంతకం పెట్టడానికి కాచుకుని కూర్చున్నాడట."

ఊళ్లో అందరికీ తెలుసు, శనివారం ఒంటిగంటకి తంతి మూసేస్తారు. మళ్లీ సోమవారం తొమ్మిదికే.

"ఓటీలీ వెళ్దామంటోంది," అన్నాడు నోస్కె. "నేను ఇంకో ఏడు వేద్దామంటున్నా. విత్తనం ఉంది. చివరి విత్తనమే అనుకోండి. ఇద్దరం కూర్చుని ఒక మాటకొచ్చాం. పుస్తకం ఏం చెప్తే అది. ఎనిమిదేళ్లు కరువు, సరే. నేను కళ్లారా చూశా. కానీ నేను రాకముందు మూడేళ్లు పడింది కదా. పడిన చోట మళ్లీ పడుతుంది. అసలెప్పుడూ పడని చోటైతే అది వేరే మాట." అతను తన జేబు తట్టి చూపించాడు. "కళ్లజోడు పగిలి మూణ్నెల్లయింది. చదివి పెట్టండి."

హొస్కిన్ చేతిలో స్టాంపుల డబ్బా ఉంది. దాన్ని మూసి, మళ్లీ తెరిచాడు.

"థర్జా చదువుతుంది," అన్నాడు.

థర్జా పుస్తకం తెచ్చి కౌంటరు మీద విప్పింది. మొదటి పేజీలు నాన్న చేతిరాత. అందమైన రాత, ఏడు అంకెకి నడుమున గీత పెట్టే రాత. ఆమె నోస్కె ముఖం చూడకుండా చదివింది.

"డెబ్బై ఏడు. పదిహేడు అంగుళాల నలభై పాయింట్లు."

"ఊఁ."

"డెబ్బై ఎనిమిది. పంతొమ్మిది అంగుళాల ఐదు పాయింట్లు."

"పంతొమ్మిది," అన్నాడు నోస్కె హుల్డాతో, తనే కురిపించినట్టు. "విన్నావా? మీ అమ్మకి ఈ మాట చెప్పు."

"డెబ్బై తొమ్మిది. పదహారు అంగుళాల ఎనభై."

నోస్కె వేళ్ల మీద ఏదో వేసుకున్నాడు. ముఖం విప్పారింది. "చాల్లే తల్లీ. ఇంకేం చదవక్కర్లేదు. పోస్టుమాస్టరు గారూ, ఆ టెలిగ్రాం కాగితం ఇవ్వండి. రావడం లేదని రాసేద్దాం."

హొస్కిన్ కాగితాల కట్ట మీదికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నెమ్మదిగా వెళ్లింది. కాగితం తీసింది. కౌంటరు మీద పెట్టింది. నోస్కె వైపు తోసింది.

థర్జా పుస్తకం మూసింది. వెనక్కి తిరిగి, ముక్కాలి పీట ఎక్కి, గోడ మీది ఫొటో దించింది. దాని వెనక గోడ చదరంగా తెల్లగా ఉంది.

"నోస్కె గారూ," అంది. పీట దిగింది. "ఒక్కసారి బయటికి రండి."

"థర్జా," అన్నాడు తండ్రి.

ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ కదలలేనని తెలుసు. ఫొటో గుండెకి అదుముకుని ఇంటి చుట్టూ తిరిగి ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లింది. నోస్కె అర్థం కాక వెంట వెళ్లాడు. హుల్డా వెళ్లింది. వరండాలోంచి రఫర్టీ కూడా గ్లాసు పట్టుకుని లేచాడు.

గుంజ మొదలు దగ్గర ఆగి థర్జా ఫొటో చూపించింది. వేలితో డబ్బా చూపించింది. తర్వాత నేల మీది మొదలు, తర్వాత పైన చూరు.

నోస్కె ఫొటోని ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకుని చూశాడు. హుల్డా చేతికిచ్చి, "అక్కడున్నది ఏంటి?" అన్నాడు.

"వాన డబ్బా నాన్నా. ఇక్కడే ఉంది. ఈ చూరు కింద."

రఫర్టీ తల వెనక్కి వాల్చి చూరు కేసి చూశాడు. ఇళ్ల కప్పులు చదవడం అతని వృత్తి. "రేకులో ప్రతి మడతా ఒక కాలవే," అన్నాడు. "ఈ గుంజ సరిగ్గా ఒక కాలవ కింద ఉంది. ఇంత పొడుగు కప్పు మీద పడ్డ నీళ్లు..." అని గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

నోస్కె మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచెయ్యి ఆ కోసిన గుంజ మీద వెల్లకిలా పెట్టి, తలెత్తి చూశాడు. చూరు నుంచి ఇప్పుడు రేకు గొట్టం నీటి ట్యాంకులోకి దిగుతోంది. దుమ్ము పట్టి ఉంది. ఎండ సూటిగా అతని అరచేతిలో పడుతోంది.

"లోపలికి రండర్రా," అంది కెజాయా అత్త వంటింటి కిటికీలోంచి. "ఎండలో నిలబడి మాట్లాడుకునేదేముంది? టీ పెట్టా." ఎవరూ కదలకపోయేసరికి ఆమె కూడా బయటికొచ్చి చూసింది. గుంజ మొదలు చూసి, తమ్ముడి కోసం అటూ ఇటూ చూసింది.

హొస్కిన్ ఇంటి మూల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈ గొట్టం ఎప్పుడు పెట్టారు?" అన్నాడు నోస్కె, లేవకుండానే.

"ఎనభైలో. ఫిబ్రవరిలో."

"డబ్బా ఎప్పుడు జరిపావు, హొస్కిన్?"

ఎనిమిదేళ్లుగా పోస్టుమాస్టరు గారూ అని పిలిచిన మనిషి అలా పిలిచాడు. థర్జా ఇద్దరి ముఖాలూ చూసింది. నాన్న ఇప్పుడు 'ఏంటి మీరనేది' అంటాడనుకుంది. 'నాకు తెలీదే' అంటాడనుకుంది. ఐదు రోజులుగా ఆమె డైరీలో నాన్న ఆ మాటే అంటున్నాడు.

"మార్చి పదకొండున," అన్నాడు హొస్కిన్.

"నేనొచ్చింది ఏప్రిల్ ఆరున."

"అవును."

"బండి దిగి నేరుగా నీ దగ్గరికొచ్చాం. ఇక్కడ వాన పడుతుందా అని అడిగా. నువ్వే పుస్తకం తీశావు. వేలు పెట్టి చూపించావు. పంతొమ్మిది అన్నావు. మీ ఆవిడ ఓటీలీకి టీ ఇచ్చింది, ఈ పిల్ల బల్ల కింద కూర్చుని బొమ్మలాడుకుంటోంది." నోస్కె గొంతు పెరగలేదు. తేదీలు సరిచూసుకుంటున్నవాడిలా మాట్లాడాడు. "అప్పటికి నీకు తెలుసు."

"తెలుసు."

థర్జా హుల్డా చేతిలోని ఫొటో కేసి చూసింది. పొరపాటు అని రాసుకుంది డైరీలో. ఆ మాట ఐదు చోట్ల ఉంది.

హొస్కిన్ గోడకి ఆనుకున్నాడు. "డబ్బాతో పాటు నియమాల కాగితం ఒకటి వచ్చింది. డబ్బా చుట్టూ కుక్కిన గడ్డితో కలిపి పారేశా. మా ఆవిడకి దగ్గు. వానలో తడవకుండా వరండాలోంచి చెయ్యి చాపి తీసుకునేలా ఉంటే బాగుంటుందని ఇక్కడ పాతా. అంతే. అందులో ఏ దురుద్దేశమూ లేదు. ఎనభైలో గొట్టం పెట్టాక మొదటి వానకి డబ్బాలో సగమే ఉంది. అప్పుడు చూరు కేసి చూశా." అతను మాట ఆపి గడ్డం రుద్దుకున్నాడు. "అప్పటికి ఊరు లేచిపోయింది నోస్కె. ప్రార్థనాలయానికి గంట కూడా వచ్చేసింది. రైలు వాళ్లు జెండాలు పాతుతున్నారు. నేనొక్క మాటంటే అంతా పోయేది."

"ఎలాగూ పోయింది."

"ఈ ఏడాది పదహారు పడితే చాలనుకున్నా. పడితే అబద్ధం నిజమైపోతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏటా అదే అనుకున్నా. రోజూ తొమ్మిదింటికి వెళ్లి చూసేవాణ్ణి. చూడలేక చివరికి ఈ పిల్లకి అప్పజెప్పా."

కెజాయా అత్త బుగ్గకి కట్టుకున్న గుడ్డ విప్పేసింది. ఎందుకో ఆమెకే తెలియదు. "సైలస్," అంది.

హుల్డా థర్జా వైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"సోమవారమా?" హుల్డా వేళ్ల మీద లెక్కపెట్టింది. "బుధవారం నువ్వు మా ఇంటికొచ్చావు."

"వచ్చా."

"మా నాన్న విత్తనం నానబెడుతుంటే పక్కన నిలబడి చూశావు. నేను మగ్గుతో పోస్తుంటే గోతం మూతి నువ్వే పట్టుకున్నావు."

థర్జా తల వంచుకుంది. కాటుక తెగులు రాకుండా విత్తనాన్ని మైలుతుత్తం నీళ్లలో ముంచి ఆరబెడతారు. అలా ముంచిన గింజ నేలలోకే పోవాలి. పిండిమరకి పనికిరాదు, కోళ్లకి కూడా వేయకూడదు. విషం. బుధవారం నాడు పది బస్తాలు నీలంగా మారుతుంటే ఆమె గోతం మూతి పట్టుకుని నిలబడింది. చెప్పాలనే వెళ్లింది. ఓటీలీ పులుసు పోసింది. రెండోసారి పోసింది. మూడోసారి పోసింది. చెప్పకుండా వచ్చేసింది.

"పది బస్తాలు," అంది హుల్డా. "దాంతో శీతాకాలమంతా రొట్టెలు తినేవాళ్లం. మీ ఇంట్లో అందరూ ఇంతేనా థర్జా? ముందు తెలుసుకుంటారు, తర్వాత ఊరుకుంటారు."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే థర్జాకి కాస్త తేలికగా ఉండేది. హుల్డా ఫొటోని థర్జా చేతిలో పెట్టి, స్కర్టు దులుపుకుని, బండి దగ్గరికి వెళ్లిపోయింది.

నోస్కె లేచాడు. మోకాళ్ల మట్టి దులుపుకోలేదు. లోపలికి నడిచాడు. అందరూ వెంట వెళ్లారు. కౌంటరు మీద కాగితం అలాగే ఉంది. అతను పెన్సిలు తీసుకుని, జోడు లేని కళ్లు చికిలించి, పెద్ద పెద్ద అక్షరాలతో తనే రాశాడు. 'వస్తున్నాం. చేను మాకే ఉంచు. గాట్లీబ్.'

గోడ గడియారం పన్నెండున్నర దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

"పంపు," అన్నాడు. ఆ వెంటనే, "నువ్వు కాదు. ఈ పిల్లకి మీట కొట్టడం వచ్చు కదా. పిల్ల పంపుతుంది," అన్నాడు.

థర్జాకి వచ్చు. తొమ్మిదేళ్లకే నేర్చుకుంది. తీగ మీద టకటకలు వింటే ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో పుస్తకం చదివినట్టు చెప్పేస్తుంది. ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"ఈ కుర్చీలో నేనున్నంతవరకు నేనే పంపాలి," అన్నాడు హొస్కిన్. "ప్రమాణం చేసి కూర్చున్నా ఇందులో."

"ప్రమాణం," అన్నాడు నోస్కె. ఆ మాటని నోట్లో కాసేపు ఉంచుకుని చూశాడు. "సరే, పంపు. రేపు ప్రార్థన అయ్యాక మిగతా ఇళ్లన్నిటికీ నేను చెప్పాలి. లేకపోతే నువ్వే వచ్చి నిలబడి చెప్పు. అది నీ ఇష్టం." టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

బండి కదిలిన చప్పుడు విని థర్జా కిటికీ దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే హుల్డా వెనక్కి తిరిగి చూసిందో లేదో తెలిసిపోతుంది.

"పన్ను పీకించుకోవడమే మేలు," అంది కెజాయా అత్త ఎవరితోనో, వంటింట్లోకి పోతూ. రఫర్టీ గ్లాసుని కడిగి బోర్లించి, రంగు డబ్బా తీసుకుని మెల్లగా బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నిన్నేం అననులే," అన్నాడు థర్జాతో. "నా ఇరవై ఏళ్ల పనిలో కప్పు కేసి తలెత్తి చూసిన మొదటి మనిషివి నువ్వే."

తంతి గదిలో తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. నోస్కె కాగితాన్ని చదివి, ఎగిరిపోకుండా దాని మీద గాజుగుండు పెట్టాడు. థర్జా గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మంలో నిలబడే ఆమె అన్నీ నేర్చుకుంది. పన్నెండూ నలభై ఐదు.

హొస్కిన్ వెంటనే మీట మీద చెయ్యి వేయలేదు. సొరుగు తెరిచి తెల్ల కాగితం ఒకటి తీసి ఏదో రాయడం మొదలుపెట్టాడు. నాలుగు వరసలు రాశాడు. కొట్టేసి మళ్లీ రాశాడు. గడియారం ముల్లు నలభై తొమ్మిది మీదికి జరిగింది.

"నాన్నా," అంది థర్జా. "నోస్కె గారిది."

అతను మీట మీద వేళ్లు ఆనించి కొట్టడం మొదలుపెట్టాడు. ఏ స్టేషనుతో మాట్లాడాలంటే ముందు ఆ స్టేషను పిలుపు కొట్టాలి. దక్షిణాన నోస్కె బావమరిది ఊరి పిలుపు పొట్టిది, మూడే దెబ్బలు. తండ్రి చెయ్యి ఆగకుండా కొడుతోంది. ఆరు, ఏడు, ఎనిమిది. థర్జా చెవికి అర్థమైంది. అది అడిలైడ్. వాన లెక్కలు తీసుకునే పెద్ద ఆఫీసు.

తీగ ఒక్కటే. దాని మీద ఒకసారికి ఒకరి మాటే పోతుంది. తెల్ల కాగితం మీద, టల్లారా మొదటి మూడేళ్ల వాన లెక్కలు తప్పు అంటూ మొదలైన వరసలు పది దాకా ఉన్నాయి. నోస్కె కాగితం గుండు కింద కదలకుండా ఉంది.

"నాన్నా, అది తర్వాత పంపొచ్చు. ముందు వాళ్లది పంపు. పది నిమిషాలే ఉంది."

"ఇవాళ పంపకపోతే సోమవారానికి నాకు ధైర్యం ఉండదు," అన్నాడు హొస్కిన్, మీట మీద చెయ్యి తీయకుండా. "నా సంగతి నాకు తెలుసు."

"వాళ్ల చేను పోతుంది."

అతను చెయ్యి ఆపాడు. లేచి గుమ్మం దగ్గరికొచ్చాడు. దగ్గరగా చూస్తే కళ్ల కింద చర్మం తడిగా ఉంది. ఆమె చేతిలోంచి ఫొటో మెల్లగా తీసుకున్నాడు. వెనక అడిలైడ్ పలికింది, చెప్పు వింటున్నాం అని.

థర్జా చెయ్యి తలుపు మీద పెట్టింది. తండ్రి ఆ వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, ఆమెని ఒక అడుగు వెనక్కి నెట్టి, తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నాడు.